పరాయి వాసన

కోడలికి నెలలు నిండాయి. కోట గోడ బయట, రంగు బానల పక్కన గుడిసెలో పడుకుని ఉంది. అత్త గోడ కింద నిలబడి, తల పైకెత్తి మళ్లీ అదే అడిగింది. పురుడు పోసుకునేదాకా అయినా లోపల కాస్త చోటిమ్మని.

గోడ మీద నుంచి కోట పెద్ద నవ్వాడు.

"లోపల పుట్టినవాళ్లే మావాళ్లు. లోపల కనేసి మావాళ్లయిపోదామనా? తెలివి బాగానే ఉంది."

యుద్ధంలో ఊరు తగలబడితే వలస వచ్చిన అద్దకంవాళ్లు వాళ్లు. వచ్చిన రోజు పిల్లాపాపలతో కోట గుమ్మం దాటబోయారు. గుమ్మం పక్కనున్న రాతి సింహం నోరు తెరిచి గర్జించింది. పూర్వం ఎవరో మాంత్రికుడు చెక్కాడట. పరాయి వాసన పసిగడుతుందట. లోపలివాళ్లు చప్పట్లు కొట్టి మరీ వీళ్లను తరిమారు.

మనుషులు వద్దు గానీ వాళ్ల పని మాత్రం కావాలి. తెల్ల బట్టలు బుట్టలో కిందికి దిగేవి. రంగు తేలి పైకి వెళ్లేవి. కోటవాళ్లెవరూ గుమ్మం దాటరు. పొలాలూ బావులూ అన్నీ గోడ లోపలే. బయటి మట్టి తొక్కితే పాదాలు మైలపడతాయట. తమ తాతలు కూడా తొక్కలేదని గొప్పగా చెప్పుకుంటారు.

ఆ రోజు తన తలపాగాకి ఎరుపు చాల్లేదని తిట్టడానికి పెద్దాయన మరీ ముందుకు వంగాడు. కాలు జారింది. కింద తడి దుప్పటి ఆరబెడుతున్న ఆడవాళ్లు దాని కొసలు వదలకుండా బిగించి పట్టుకున్నారు. గుమ్మడికాయలా వచ్చి అందులో పడ్డాడు. ఒంటి మీద గీత కూడా పడలేదు.

అత్తగారు మంచినీళ్లిచ్చింది. తాగాడు. ఇప్పుడైనా కోడలిని రానిస్తారా అని అడిగింది. ప్రాణం కాపాడినంత మాత్రాన పరాయివాళ్లు సొంతవాళ్లయిపోరని చెప్పి, బుట్ట దించమని పైకి కేకేశాడు.

బుట్ట మీ బరువు మోయదని పైనుంచి జవాబొచ్చింది. తలుపులు తెరిచే ఉన్నాయి, దర్జాగా నడిచి రమ్మన్నారు.

పెద్దాయన కదల్లేదు. మోకాలు నొప్పన్నాడు. నిచ్చెన వెయ్యమన్నాడు. ఎండ తగ్గాక చూద్దామన్నాడు. మొహమంతా చెమట. గుమ్మం లోపల జనం దండలు పట్టుకుని ఎదురుచూస్తున్నారు.

అత్తగారికి ఒళ్లు మండింది.

"సొంతవాళ్లని చూస్తే ఆ సింహం తోకాడిస్తుందా, తలాడిస్తుందా? మేమూ కళ్లారా చూస్తాం. పదండయ్యా."

రెక్క పుచ్చుకుని గుమ్మం దాకా లాక్కెళ్లింది. అక్కడ వదిలేసి, తన నీడ కూడా ఆయన మీద పడనంత దూరం జరిగింది.

కోటలోనే పుట్టి కోటలోనే ముసలివాడైన పెద్దాయన ఒక్కడే గడప లోపల కాలు పెట్టగానే రాతి సింహం నోరు తెరిచి గర్జించింది.