దయ్యం చెయ్యి

కొవిడ్ ఆంక్షలు నడుస్తున్న ఆ హాలోవీన్‌కు, మేముండే టాలట్ అనే ఊళ్లో, మా ముంగిట ఇరుగుపొరుగు ఫొటోల కోసం నేనొక దయ్యాన్ని నిలబెట్టాను. కిందనున్న పెడల్‌ను తొక్కితే దాని రబ్బరు చెయ్యి మెల్లగా వచ్చి భుజంపై వాలుతుంది. ప్రతి ఫొటో తర్వాతా దాన్ని శానిటైజర్‌తో తుడిచాను.

మార్చి నుంచి ఒంటరిగా ఉంటున్న పక్కింటి మార్తా ఆంటీ దయ్యం దగ్గరికి మూడోసారి వచ్చారు.

"సాతాను పండగని పొద్దున నన్ను కడిగేశారు. ఇప్పుడేంటి ఆంటీ, దయ్యంతో స్నేహమా?"

"నీ వాదన తర్వాత, అబిగేయిల్. ముందు ఆ చెయ్యి తుడువు."

తుడిచాను. ఆమె పెడల్ తొక్కారు. చెయ్యి భుజంపై వాలగానే కళ్ళు మూసుకున్నారు.

"కళ్ళు తెరవండి ఆంటీ, ఫొటో పాడవుతుంది. మీ ఫోన్ ప్రహరీ గోడమీద పెట్టండి, నేను తీస్తాను."

"ఫోన్ తెచ్చుకోలేదమ్మా," అన్నారు ఆంటీ, పెడల్ మీంచి కాలు తీయకుండానే.