మెకానిక్కులంతా దొంగలే!

మధ్యాహ్నం రెండింటికి, వీధి వీధంతా తలుపులు వేసుకుని కునుకు తీస్తున్న వేళ, అతను ఆ తెల్ల కారు తలుపు తెరిచి లోపల కూర్చున్నాడు. తాళంచెవి దానికే ఉంది. అద్దం సగం దించి ఉంది. పదకొండేళ్ల వృత్తిలో ఇంత తేలికైన పని అతనికెప్పుడూ తగల్లేదు.

ఇదే ఆఖరి దొంగతనమని పొద్దున్నే భార్యకు మాటిచ్చాడు. రంగు మార్చి, నంబరు మార్చి, అద్దెకు తిప్పుకుంటూ పరువుగా బతుకుతానన్నాడు.

"ఈ మాట వినడం ఇది నాలుగోసారి," అందామె.

కారు కదిలింది. హారన్ నొక్కితే వైపర్లు ఆడాయి. ఎడమవైపు ఇండికేటర్ వేస్తే డిక్కీ తెరుచుకుంది. బ్రేకు తొక్కితే ముందు ఏమీ జరగలేదు. కాసేపాగి, తీరిగ్గా, జరిగింది. వీధి చివర పల్లం దిగుతుండగా ఇంజను ఒక్క మూలుగు మూలిగి ఊపిరి వదిలేసింది. కారు దొర్లుకుంటూ వెళ్లి ఒక మెకానిక్ షెడ్డు ముందు ఆగింది.

అదృష్టమంటే ఇదీ అనుకున్నాడు దొంగ.

మెకానిక్ చేతులు గుడ్డకు తుడుచుకుంటూ వచ్చాడు. బానెట్ ఎత్తి చూసి నిట్టూర్చాడు.

"ఎవరో సొంత వైద్యం చేశారండీ దీనికి. చూడండి, పైపును పైజామా బొందుతో కట్టారు. బండి మీదేనా?"

"మా మావగారిచ్చారు," అన్నాడు దొంగ.

"ఆయనకు మీ మీద కోపమేమైనా ఉందా?"

ఇంజను దింపాలట. బ్రేకులు మార్చాలట. వైరింగంతా పీకి కొత్తది వేయాలట. మెకానిక్ చెప్పిన అంకె వినగానే దొంగకు ఒళ్లు మండింది.

"ఇది నిలువుదోపిడీ! మీ మెకానిక్కులంతా దొంగలే!" అన్నాడు మనస్ఫూర్తిగా. "నా బండి నేనే బాగుచేసుకుంటా."

"మీ ఇష్టమండీ. స్పానర్లు కావాలంటే వాడుకోండి," అన్నాడు మెకానిక్, ఏమాత్రం నొచ్చుకోకుండా.

నంబరు ప్లేటుకు బురద పూసి, షెడ్డు పక్కన నీడలోకి కారును నెట్టించి, దొంగ దాని కిందికి దూరాడు. ఫోన్లో వీడియో పెట్టుకున్నాడు. ఈ బోల్టు చేత్తోనే వచ్చేస్తుందని వీడియోలో మనిషి నవ్వుతూ చెప్పాడు. ఇక్కడ బోల్టు రాలేదు, గోరు వచ్చింది. కారు కోసం ఎవరైనా వెతుక్కుంటూ వస్తారేమోనని మొదటి రోజు భయపడ్డాడు. రెండో రోజు ఆ సంగతే మరిచిపోయాడు. దారిన పోయేవాడొకడు కారుకు చేరబడి బీడీ ముట్టించుకుంటే కింద నుంచి తల బయటపెట్టి అరిచాడు.

"పరాయి సొత్తంటే లెక్కలేదా నీకు?"

మూడో రోజుకు ఊడదీసినవన్నీ బిగించాడు. పదకొండు బోల్టులు, ఒక గొట్టం మిగిలాయి. స్టార్ట్ చేస్తే ఎక్కడో రేడియో మోగింది.

ఆ కారులో రేడియో లేదు.

ఇంటికెళ్లి, తన మోటారు సైకిలు అమ్మేస్తానన్నాడు. అతను జీవితంలో షాపుకెళ్లి, వరసలో నిలబడి, రసీదు తీసుకుని కొన్న వస్తువు అదొక్కటే.

"ఎత్తుకొచ్చిన బండి కోసం కొనుక్కున్న బండి అమ్ముతావా? ఎక్కడిదక్కడ వదిలేసి రావచ్చుగా," అంది భార్య.

"మూడు రోజులు దాని కింద పడుకున్నానే! ఎలా వదిలేస్తాను?" అన్నాడు.

డబ్బు తీసుకెళ్లి మెకానిక్ చేతిలో పెట్టాడు. మెకానిక్ బేరమాడలేదు, ఎగతాళీ చేయలేదు. వారం తిరిగేసరికి ఇంజను పిల్లికూనలా గురగురమంది. హారన్ నొక్కితే హారనే మోగింది. దొంగ కళ్లు చెమర్చాయి.

"రేపు పొద్దున రండి. కడిగించి ఉంచుతా," అన్నాడు మెకానిక్.

మర్నాడు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. కారు ఉండాల్సిన చోట తడినేల తప్ప ఏమీ లేదు.

"బండేది?"

"ఓనరు వచ్చి తీసుకెళ్లారు కదండీ. కాగితాలన్నీ చూపించారు. మీ మావగారే అనుకున్నా. కాదా?" మెకానిక్ కంగారుగా చెప్పులు వేసుకున్నాడు. "అయ్యో, పదండి, పోలీసు స్టేషను ఈ పక్క వీధిలోనే. సాక్ష్యానికి నేనూ వస్తా."

"వద్దొద్దు!" అన్నాడు దొంగ. "మావగారే. ఆయనే అయ్యుంటారు."

చనిపోయి ఆరేళ్లయిన తన తండ్రి కారు పట్టుకెళ్లాడని వినేసరికి భార్య నోరు తెరిచింది. దొంగ మోచేత్తో పొడిచాడు. ఇద్దరూ నడుచుకుంటూ ఇంటిదారి పట్టారు.

"ఇక నిజంగానే మానేస్తా," అన్నాడు దొంగ సగం దూరం వెళ్లాక. "ఈ ఊళ్లో నిజాయితీ అన్నదే లేదు."

సరిగ్గా అప్పుడే, పల్లం పైనున్న వీధిలో ఆ తెల్ల కారు ఒక ఇంటి ముందు ఆగింది. స్టీరింగు ముందు ఒక రిటైర్డు గుమాస్తా, పక్కన చెమటలు తుడుచుకుంటూ ఆయన భార్య.

"ఇంజను బాగుంది, బ్రేకులు బాగున్నాయి," అందామె. "ఎలాగూ మా అన్నయ్య షెడ్డుకే వెళ్లింది కదా, ఆయనతో చెప్పి ఆ ఏసీ కూడా చేయించకపోయారా?"

"ఊరుకోవే! పోయినేడాది వచ్చిన దొంగ టైర్లు వేయించాడు, ఈయన ఇంజను చేయించాడు," అన్నాడు గుమాస్తా. "ఏసీ సంగతి వచ్చేవాడు చూసుకుంటాడు. పాపం, అన్నీ ఒక్క దొంగ నెత్తినే రుద్దితే ఎలా?"