ఏడు లేని లెక్క

ఆమె సొంతంగా తయారుచేసిన దాగుడుమూతల వీడియో గేమ్ తెల్లారితే విడుదల. తప్పులు పట్టి సరిచేయడానికి ఆమె కుదుర్చుకున్న టెస్టర్ రాత్రి ఫోన్ చేశాడు.

"మేడమ్, మీ దొంగకి లెక్కలు రావు. ఆరు తర్వాత ఎనిమిది అంటున్నాడు. కోడ్‌లో మాత్రం ఏడు ఉంది."

ఆమెకు నవ్వొచ్చింది. చిన్నప్పుడు తమ్ముడూ అంతే. త్వరగా కళ్లు తెరవాలని ఏడు ఎగ్గొట్టేవాడు. వాడు పోయి చాలా ఏళ్లయింది.

"అలాగే ఉండనివ్వండి."

"అయ్యో, సరిచేసేశాను మేడమ్. ఇక రాదు."

దిగులుగా కంప్యూటర్ ఆపేసింది. ఇల్లు సద్దుమణిగింది. చీకటి వంటింట్లో ఎవరో గోడకు మొహం ఆనించి లెక్కపెడుతున్నారు.

"నాలుగు... అయిదు... ఆరు..."

ఆలోచించకుండానే బల్ల కిందకు దూరింది.

"ఎనిమిది!"

చిన్నప్పుడు ఆమెను ఎప్పుడూ పట్టిచ్చింది నవ్వే. రెండు చేతులతో నోరు నొక్కుకుంది. నవ్వు ఆగడం లేదు.