సింబల్స్ పక్క చోటు

డ్రమ్ముల ముందు నిలబెట్టిన అద్దం పలకను రాక్ బ్యాండ్ డ్రమ్మర్ కాలితో పక్కకి నెట్టాడు.

“నేనేమన్నా తొట్టిలో చేపనా? తీసెయ్యండి దీన్ని.”

“సాయంత్రం కచేరీలో మీ ముందు కూర్చునేది మా వయొలిన్ల వాళ్ళండీ,” అన్నాడు సింఫనీ ఆర్కెస్ట్రా కండక్టర్. “ఆ ఇత్తడి పళ్ళేలు, మీ సింబల్స్ మోతకి వాళ్ళ చెవులు పోతాయి.”

“ముప్పై ఏళ్ళుగా మా బావ ఈ సింబల్స్ పక్కనే నిలబడి గిటార్ వాయిస్తున్నాడు. ఒక్కనాడన్నా నోరెత్తాడా? చెప్పు బావా.”

గిటారిస్టు తల వంచుకుని తీగలు బిగించుకుంటూనే ఉన్నాడు.

“బెల్లం కొట్టిన రాయిలా ఉంటావేం? నువ్వూ వాళ్ళ పక్షమేనా?”

డ్రమ్మర్ విసురుగా వెళ్ళి భుజం పట్టి కుదిపాడు. గిటారిస్టు ఉలిక్కిపడి, రెండో చెవి ఇటు తిప్పాడు.

“ఈ పక్కకొచ్చి చెప్పరా. ఆ చెవి పోయి చాలా ఏళ్ళయింది.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెప్తే మెల్లగా కొట్టేవాడివి. ఇక మన బ్యాండ్ ఎవడు వింటాడు?”

డ్రమ్మర్ వెనక్కి వెళ్ళి, అద్దాన్ని తనే ఈడ్చి మునుపటి చోట నిలబెట్టాడు. కోపం మాత్రం దిగలేదు.

“ఒక్కటి ఏ మూలకి?” అని కండక్టర్ మీద విరుచుకుపడ్డాడు. “మా బావ నిలబడే వైపు ఇంకోటి తెప్పించండి.”