అడగని ఉద్యోగం

వకీలు గారు ఆ ఉత్తరాన్ని మూడోసారి చదివి, వెనక్కి తిప్పి కూడా చూశారు. వెనక ఏమీ లేదు. అదే ఆయనకి నచ్చలేదు.

"అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. వీళ్లు అడక్కుండానే ఉద్యోగం పెడుతున్నారు. ఎందుకూ?" అన్నారు భార్యతో.

ఉత్తరం రాసింది పక్క జిల్లాలో పేరున్న న్యాయవాదుల సంస్థ. చుట్టుపక్కల నాలుగైదు ఊళ్లలో ఆఫీసులున్నాయి. ఈమధ్యే మహానగరంలో కూడా ఒకటి తెరిచారు. అందులో చేరమంటున్నారు. ఇప్పటి సంపాదనకి మూడింతల జీతం. షరతులు రెండే. కోర్టుకి వెళ్లే పని ఉండదు, కాగితాలు రాయడం వరకే. చేతిలో ఉన్న కేసులన్నీ వేరేవాళ్లకి అప్పగించి, పదో తేదీలోపు చేరిపోవాలి.

"మీరు రాసే పిటిషన్లు బాగుంటాయని అందరూ అంటారుగా. వాళ్ల చెవినా పడి ఉంటుంది," అంది భార్య. "ఊరికే అనుమానించకండి. పిల్ల ఇస్త్రీ బల్ల మీద పుస్తకాలు పెట్టుకుని చదువుతోంది. ఇంకెన్నాళ్లు ఈ రెండు గదులు?"

"పదో తేదీ అని ఎందుకు పెట్టారో ఆలోచించావా? పన్నెండున టైలరమ్మ కేసులో ఆఖరి వాదనలు!"

టైలరమ్మకి మార్కెట్ వీధిలో కుట్టు షాపు ఉంది. ముప్ఫై ఏళ్లుగా అదే అద్దె గది, అదే బతుకుతెరువు. ఖాళీ చెయ్యమని బిల్డింగు యజమాని కోర్టుకెక్కాడు. మరే వకీలూ ముట్టుకోని ఆ కేసుని ఫీజు మాటెత్తకుండా తీసుకున్నది ఈయనే. ఏడేళ్లయింది. ఆవిడకి ఆపరేషన్ అయినప్పుడు ఆస్పత్రి వరండాలో రెండు రోజులు కూర్చున్నది కూడా ఈయనే. మనిషి వెన్న. ఆ మాట ఎవరైనా ఒప్పుకుంటారు.

కాబట్టి సంగతి తేలిపోయింది. యజమాని వెళ్లి ఈ సంస్థని పట్టుకున్నాడు. వకీలుని తప్పిస్తే కేసు గెలిచినట్టే. తప్పించాలని ఉండదా మరి? ఆయన వాదన మొదలుపెడితే జడ్జి గారంతటివారు పెన్ను కింద పెట్టేసి వింటారు. ఎదుటి పక్షం వకీలైతే ఈయన్ని చూడగానే మొహం చాటంత చేసుకుని, కుర్చీ జరిపి మరీ కూర్చోబెడతాడు. అంత గౌరవం ఊరికే వస్తుందా?

అయినా నగరానికి వెళ్లారు, అసలు గుట్టేమిటో చూద్దామని.

ఆరో అంతస్తు. అద్దాల గది. గోడలకి ఇంకా రంగు వాసన పోలేదు. బల్లకి అవతల ఉన్న సంస్థ భాగస్వామికి ముప్ఫై అయిదేళ్లుంటాయి. ఈయన రాగానే లేచి నిలబడ్డాడు. ఆ వినయం కూడా వకీలు గారికి తేడాగానే అనిపించింది.

"మార్కెట్ వీధి బిల్డింగు యజమాని మీ క్లయింటా?" సూటిగా అడిగారు.

"కాదండీ. ఎప్పుడూ కాదు. కావాలంటే రాసిస్తాను."

రాసి, ముద్ర వేసి ఇచ్చాడు కూడా. వకీలు గారు దాన్ని వెలుతురుకి పెట్టి చూశారు.

"మరి నా పేరు మీకెవరు చెప్పారు?"

అతను నీళ్లు నమిలాడు. "మీరంటే చాలా అభిమానం ఉన్నవాళ్లేనండీ. పేరు చెప్పొద్దన్నారు."

"పదో తేదీయే ఎందుకు? పదిహేనున చేరితే?"

"అబ్బే, పదిహేనైతే కుదరదండీ," అన్నాడతను, మాట పూర్తి కాకముందే.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే. వకీలు గారు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని లేచారు.

తిరుగు బస్సులో మాత్రం ఆయనకి మనసు మనసులో లేదు. వెళ్లాలనే ఉంది. ఆ అద్దాల గది నచ్చింది. కూతురికి విడిగా ఒక గది, దాంట్లో ఒక బల్ల ఇవ్వాలని ఎంత ఆశగా ఉందో ఆయనకే తెలుసు. కానీ ఆ ముసలావిడ గొంతు కోసి వెళ్లాలా? రాత్రంతా కొట్టుమిట్టాడి, తెల్లారగానే షాపుకి వెళ్లారు.

టైలరమ్మ మెడలో టేపు వేసుకుని ఎవరిదో జాకెట్టుకి చేతులు అతుకుతోంది. కబురు వినగానే మిషను ఆపేసింది.

"ఎంత మంచి మాట చెప్పారు బాబూ! వెళ్లండి. నా గురించి ఆలోచించకండి."

"మిమ్మల్ని నట్టేట్లో వదిలేసి పోతానామ్మా?"

"నాకేం బాబూ, ఎవరో ఒకరు చూస్తారు. మీ అమ్మాయి చదువు చూసుకోండి. ఇలాంటివి మళ్లీ మళ్లీ రావు."

"ఏడేళ్ల కేసు. కొత్తవాళ్లకి దాని ఆదీ అంతూ ఏం తెలుస్తుంది?"

"తెలుసుకుంటారు బాబూ. నా మాట వినండి, మీకు దణ్ణం పెడతాను."

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. తన షాపు పోయినా ఫర్వాలేదని ఎదుటివాడి బాగు కోరే ఇలాంటి మనిషి కోసం ఏమిచ్చినా తక్కువే అనుకున్నారు వకీలు గారు.

"రానని నిన్నే చెప్పాల్సింది, ఇవాళ చెప్పేస్తాను. పన్నెండున నేనే నిలబడతాను. ప్రాణం ఉండగా మీ కేసు ఇంకొకళ్ల చేతిలో పెట్టను."

వకీలు గారు కళ్లు తుడుచుకుంటూ మెట్లు దిగారు.

ఆయన వీధి మలుపు తిరిగేదాకా చూసి, ఆవిడ ఆ ఆరో అంతస్తులో ఉన్న తన అక్క కొడుక్కి ఫోన్ చేసి అంది: "మొహమాటంతో చచ్చిపోతున్నాన్రా నాన్నా, జీతం ఇంకాస్త పెంచి చూడు, పన్నెండున ఆయన నోరు విప్పారంటే నా షాపు పోయినట్టే."