వెన్ను చూపిన వాలయ్య

ఇప్పచెట్టు చిటారుకొమ్మన పన్నెండేళ్లు కాపలా కాసిన కొండముచ్చు వాలయ్య ఆ రోజుతో కొలువు మానుకుంటున్నాడు. పులి పొడ కనిపిస్తే చాలు, గట్టిగా దగ్గి కింద మేసే జింకల మందను హెచ్చరించడం అతని పని.

సన్మానం తలపెట్టింది పెద్ద జింక చుక్కమ్మ. ఆమెకు మర్యాదల పట్టింపు ఎక్కువ. మంద మొత్తాన్ని పిలిచి చెట్టు ముందు నిలబెట్టింది. తీరా చూస్తే వాలయ్య కిందికి దిగొచ్చి, సభకు వీపు తిప్పి కూర్చున్నాడు.

“వాలయ్యన్నా, వెన్ను చూపేది పారిపోయేవాళ్లు. నీకిదేం పద్ధతి? ఇటు తిరుగు,” అంది చుక్కమ్మ నొచ్చుకుని.

“తిరుగుతాలే తల్లీ. మీరంతా నన్నే చూస్తున్నారు కదా, మరి అడవినెవరు చూస్తున్నారు?” అన్నాడు వాలయ్య, తల తిప్పకుండానే.

చుక్కమ్మ ఆ వీపుకేసి చూసింది. తను పుట్టిందీ, పెరిగిందీ, పిల్లల్ని కన్నదీ ఆ వీపు నీడనే. ఆ ముఖం ఎలా ఉంటుందో మాత్రం తనకు తెలియదు. పన్నెండేళ్లలో ఒక్క పూటైనా అతను ఇటు తిరిగితే కదా.

చెప్పాలనుకున్న పొగడ్తలన్నీ మింగేసి, ఆమె మెల్లగా వెనక్కి తిరిగింది. అడవికేసి చెవులు రిక్కించి నిలబడింది. ఆమెను చూసి మందంతా తిరిగింది. ఇప్పుడు వాలయ్య వైపు ఒక్క కన్నూ లేదు.

కాసేపటికి వెనకనుంచి సన్నగా గురక వినిపించింది. ఆ ముఖం ఒక్కసారి చూడాలని చుక్కమ్మకు ఎంతో అనిపించింది.

చూడలేదు.