హన్మాండ్లు ఒప్పుకున్న పాట

అబుదాబి దగ్గర ముసఫ్ఫా లేబర్ క్యాంపులో పాటలు పాడకూడదు. ముదీర్‌కు, అంటే మేనేజరుకు, నిద్ర చెడుతుందట. అందుకని శుక్రవారం మధ్యాహ్నం సిమెంటు గోదాం వెనకాల, కరీంనగర్ జిల్లావాళ్లు పదిహేను మంది దొంగల్లా చేరి పాడుకునేవాళ్లు. అది 1983.

పాటలు కట్టేదీ, ఎక్కువగా పాడేదీ పోశయ్య. ఏ పాట నిలవాలో తేల్చేది హన్మాండ్లు. ఊళ్లో ఒగ్గు కథలకు డోలు వాయించిన మనిషి. ఆయన చేత ఔననిపించుకోవడమంటే వీసా మెడికల్ పాసైనంత పని.

పెద్దరికం ముదిరినకొద్దీ ఆయనకు షరతులూ పెరిగాయి. సినిమా పాటలు వద్దు. పాడేవాడు ఎదురుగా కూచోవాలి, మొహం తిప్పకూడదు. దరువు ఎవరు వేసినా నూనె డబ్బా మాత్రం ఆయన ఒళ్లోనే ఉండాలి. నచ్చకపోతే మధ్యలోనే చెయ్యి ఎత్తేవాడు.

"ఉట్టి నోరే ఆడుతున్నదిరా. మొకంల పాట లేదు."

పాడినవాడు లేచి పక్కకు పోయేవాడు.

ఇంతలో ఈ పాటల గురించి ఏదో ఇంగ్లిష్ పేపర్లో నాలుగు ముక్కలు పడ్డాయి. మరుసటి శుక్రవారానికల్లా అబుదాబి నుంచి కార్లు దిగాయి. ఆఫీసు దొరలు చాపల మీద కూచుని తలలూపారు. నిద్ర చెడుతుందన్న ముదీరే కుర్చీ వేయించుకుని ముందు వరుసలో కూచున్నాడు. పోశయ్య కొత్త చొక్కా కుట్టించుకున్నాడు. హన్మాండ్లుకు ఒళ్లు మండింది.

మూడో వారం రేడియో నుంచి సనావుల్లా అనే నెల్లూరాయన వచ్చాడు. టేప్ రికార్డరు పక్కన పెట్టి, మైకు నిలబెట్టాడు. పోశయ్య మైకు వైపు తిరిగాడు.

"ఇటు మల్లు," అన్నాడు హన్మాండ్లు.

పోశయ్య మళ్లలేదు. పాటంతా మైకుకే పాడాడు. డబ్బా తీసి అవతల పెట్టమన్నాడు సనావుల్లా, గరగర వస్తోందని. ఇన్నేళ్లు కాపాడుకున్నది చేజారిపోతోందని తెలిసి హన్మాండ్లుకు నిజంగానే ఏడుపొచ్చింది.

పాట అయ్యాక సనావుల్లా టేపు వెనక్కి తిప్పి వినిపించాడు. పోశయ్య మురిసిపోయాడు. ఎంతైనా అలవాటు కదా, వచ్చి హన్మాండ్లు ఎదుట గొంతుక్కూచున్నాడు.

"ఎట్లున్నదే అన్నా?"

హన్మాండ్లు టేప్ రికార్డరు కేసి చాలాసేపు చూశాడు.

"దీంట్ల పాట లేదు."

"ఏందన్నా, అంత క్లియర్‌గా ఉంటే!" అన్నాడు సనావుల్లా, ఆయన ముందుకొచ్చి.

"చక్రాలు తిరుగుతున్నయ్. గంతే."

పోశయ్య టేపు మళ్లీ వేయించుకుని, తల వంచుకుని విన్నాడు.

"అన్న జెప్పిందే నిజం. ఉప్పులేని కూర లెక్కున్నది. ఖలాస్, రేడియో వద్దు సాబ్."

సనావుల్లా వైర్లు చుట్టుకుని వెళ్లిపోయాడు. రెండు వారాలకు కార్లు రావడం మానేశాయి. ముదీర్‌కు మళ్లీ నిద్ర చెడటం మొదలైంది.

ఆ శుక్రవారం పదిహేను మందీ గోదాం వెనకాలే చేరారు. పోశయ్య పాత చొక్కాతో వచ్చి ఎదురుగా కూచున్నాడు. హన్మాండ్లు ఒళ్లో డబ్బా పెట్టుకుని, దాని మీద అరచెయ్యి ఆనించి, కన్ను తిప్పకుండా పాటంతా కూచున్నాడు.

"ఇగో, ఇదిరా పాటంటె," అన్నాడు చివర్న.

పనిచేసే ట్యాంకుల యార్డులో సుత్తుల మోతకు తన రెండు చెవులూ పూర్తిగా పోయాయని తెలిస్తే కంపెనీ ఇంటికి పంపేస్తుందని, ఆ సంగతి ఆయన మూడేళ్లుగా ఎవరికీ చెప్పలేదు.